తెలియకపోవడం ఎవరి తప్పు?

బాగ్ లింగంపల్లి నుంచి ఆజామాబాద్ పారిశ్రామికవాడ వైపు పోయే దారిలో, ఒక సందు చివర రేకుల షెడ్డు ఉంది. దానికి బోర్డు లేదు. ఏళ్ల తరబడి అక్కడ పాత కార్ల పని చేస్తున్న పెద్దాయనను అందరూ ఉస్తాద్ అనే పిలుస్తారు. నేను అంబాసిడర్ నడిపిన రోజుల్లో దాని మంచిచెడ్డలన్నీ ఆయనే చూశారు. ఆ బండి అమ్మేసి చాలా కాలమైంది. అయినా చిక్కడపల్లి వైపు పని పడినప్పుడల్లా ఆ షెడ్డులో ఒక చాయ్ తాగి రావడం అలవాటుగా మిగిలిపోయింది. పోయిన వేసవిలో అక్కడ విన్న ఒక మాట నన్ను ఇన్ని నెలలుగా వదలడం లేదు. ఈ వారం దానిని పాఠకుల ముందు పెడుతున్నాను.

మా విచారణకు చెందిన ఒక యువకుడు అశోక్ నగర్‌లో ఉంటాడు. తాతగారు వదిలి వెళ్లిన ఒక చిన్న ఇంగ్లీషు కారు అతని దగ్గర ఉంది. ఎం.జి.ఎ. అంటారు. రెండే సీట్లు, గుడ్డ కప్పు, నేలకు జానెడు ఎత్తున సాగిపోయే షోకు బండి. 1955 నుంచి 1962 వరకు ఇంగ్లండులోని అబింగ్డన్ అనే ఊరిలో ఇవి లక్షకు పైగా తయారై, చాలా భాగం అమెరికాకు ఓడలెక్కాయి. (అబింగ్డన్ అంటే కార్ల కన్నా ముందు మనకు గుర్తు రావలసింది వేరే ఉంది. 1538లో ఎనిమిదవ హెన్రీ రాజు మూయించేవరకు అక్కడ పేరున్న బెనెడిక్టు సభవారి మఠం ఉండేది. కాంటర్బరీ అగ్రపీఠాధిపతి పునీత ఎడ్మండ్ పుట్టిన ఊరు కూడా అదే.)

ఇటువంటి కారుకు బాగ్ లింగంపల్లిలో మరమ్మతు ఏమిటని మీరు అడగవచ్చు. చూడడానికి పరాయిదే గాని దాని గుండెకాయ మనకు బాగా తెలిసినదే. మొదటి ఎం.జి.ఎ. కార్లలో ఉన్న 1489 సి.సి. ఇంజిను, 1959 ప్రాంతం నుంచి మన అంబాసిడర్‌కు వచ్చిన 1489 సి.సి. ఇంజిను ఒకే కుటుంబానివి. రెండూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్. ఒకటి షోకిలా తమ్ముడు, ఇంకొకటి సంసారం మోసిన అన్న. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది గాని ఆ ఇంజినును కళ్లు మూసుకుని విప్పగల చేతులు ఇంకా ఉన్నాయి. ఆ మాటకు వస్తే ఈ పేటకు బ్రిటన్ యంత్రాలు కొత్త కాదు. 1932లో నిజాం రైల్వే వారు 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టినప్పుడు తెప్పించినవి ఆల్బియన్ బస్సులే. ఆ శాఖే తర్వాత ఆర్టీసీ అయి మన కూడలికి పేరు కూడా ఇచ్చింది.

అసలు సంగతికి వస్తాను. ఆ యువకుని కారులో కాళ్లు పెట్టుకునే చోట నూనె కారుతోంది. ఉస్తాద్ టార్చిలైటు వేసి డాష్‌బోర్డు కింద దూరి చూశారు. ఆయిల్ ప్రెషర్ మీటరుకు వచ్చే సన్నని రాగి గొట్టం నట్టు దగ్గర పగిలి ఉంది.

ఈ గొట్టం పని ఏమిటో రెండు మాటల్లో చెప్పాలి. ఇంజినులో లోహంపై లోహం తిరుగుతుంది. వాటి మధ్య వెంట్రుక మందమైనా ఉండని నూనె పొర నిలిచి ఉన్నంతవరకు అవి ఒకదానినొకటి తినవు. ఆ పొర నిలవాలంటే పంపు నూనెను ఒత్తిడితో తోయాలి. ఆ ఒత్తిడి ఎంత ఉందో డ్రైవరుకు తెలియడానికి ఇంజిను దిమ్మెలోని నూనె దారికి ఒక చిన్న రంధ్రం పెట్టి, అక్కడి నుంచి గొట్టం లాగి మీటరు వెనుక కలుపుతారు. మీటరు లోపల వంపు తిరిగిన ఇత్తడి గొట్టం ఒకటి ఉంటుంది. జాతరలో పిల్లలు ఊదే కాగితపు బూర ఊదగానే విచ్చుకున్నట్టు, ఒత్తిడి పెరిగినకొద్దీ అది కాస్త విచ్చుకుని ముల్లును తిప్పుతుంది. 1849లో పారిస్‌లో యూజెన్ బూర్దన్ అనే ఆయన దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఇప్పటికీ ఆసుపత్రి ఆక్సిజన్ సిలిండర్ల మీద కనిపించే ముల్లు మీటర్లు ఎక్కువగా ఈ జాతివే.

ఇందులో గమనించవలసినది ఒకటుంది. ఆ సన్న గొట్టం గుండా వెళ్లిన నూనె ఇంజినులో దేనికీ అందదు. అది ఒక చివర మూసుకున్న దారి. ఇంజినుకు తిండి పెట్టే గొట్టం కాదు, కబురు మోసే గొట్టం మాత్రమే.

ఆ యువకుడు చదువుకున్నవాడు, ఈ సంగతి వెంటనే పట్టుకున్నాడు. "అయితే ఉస్తాద్, ఆ రంధ్రానికి ఒక బోల్టు బిగించి మూసేస్తే సరిపోతుందిగా? నూనె కారదు. ఇంజినుకు నష్టం లేదు. మీటరు అలా అందానికి ఉంటుంది" అన్నాడు. తన స్నేహితుని బండికి వేరే చోట అలాగే చేశారట, ఏమీ కాలేదట.

ఉస్తాద్ కాదనలేదు. చేతులు గుడ్డతో తుడుచుకుంటూ ఇలా అన్నారు: "మూసేయొచ్చు బేటా. ఇంజిన్‌కు ఏం ఫరక్ పడదు. నీకే తెల్వదు, గంతే."

నన్ను వదలని మాట ఇదే.

ఇంజినుకు తేడా పడనప్పుడు తప్పు ఎక్కడుంది? బోల్టు బిగించిన నాడు ఎవరికీ ఏ హానీ జరగలేదు. రేపు నూనె తగ్గి ఇంజిను పట్టేస్తే "నాకు తెలియదు" అంటాడు. అది అబద్ధం కాదు, నిజంగానే అతనికి తెలియదు. తెలియక చేసిన దానికి దోషం లేదని చిన్నప్పుడు సత్యోపదేశం తరగతిలో మనమందరం నేర్చుకున్నాం. మరి ఇతను నిర్దోషేనా?

పునీత తోమాసు అక్వినాసు 13వ శతాబ్దంలోనే ఈ ముడి విప్పారు. ఆయన 'సుమ్మా తెయొలోజికా'లో అజ్ఞానాన్ని ఒకే గంపలో వేయలేదు. ఎంత ప్రయత్నించినా తొలగని తెలియనితనం ఒకటి. కాస్త శ్రద్ధ పెడితే తొలగేది ఇంకొకటి. మూడవది చిత్రమైనది. మనిషి తెలుసుకోకూడదని తానే నిశ్చయించుకుని, పనిగట్టుకుని కాపాడుకునే అజ్ఞానం. తెలిస్తే మానుకోవలసి వస్తుందని తెలుసుకోడు. మొదటిది మనిషిని నిర్దోషిని చేస్తుంది. మూడవది తప్పును తగ్గించకపోగా పెంచుతుందని తోమాసుగారి అభిప్రాయం. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం కూడా ఇదే దారి పట్టింది. కావాలని తెచ్చిపెట్టుకున్న తెలియనితనం, గుండె రాయి చేసుకోవడం ఈ రెండూ పాపంలో మన ఇష్టపూర్తిని పెంచుతాయని 1859వ సంఖ్యలో చెబుతుంది.

ఈ లెక్కన బోల్టు బిగించిన రోజే తప్పు జరిగిపోయింది. ఇంజిను పట్టేసిన రోజు దాని ఫలితం మాత్రమే బయటపడుతుంది. మనం సాధారణంగా తలకిందులుగా చూస్తాం. అనర్థం జరిగిన రోజున నాకు తెలుసా తెలియదా అని ఆత్మశోధన చేసుకుంటాం. ఎందుకు తెలియలేదు, కబురు వచ్చే దారిని ఏనాడు మూశాను అని వెనక్కి వెళ్లం.

నూనె అనగానే పదిమంది కన్నెల ఉపమానం మీకు తోచి ఉంటుంది. నాకూ తోచింది. కానీ ఆ కథలో నూనె తరిగితే దీపం కళ్ల ముందే కొడిగట్టింది. ఇక్కడి చిక్కు వేరు. దీనికి దగ్గరి కథ రాజుల మొదటి గ్రంథం 22వ అధ్యాయంలో అహాబు రాజుది. రామోత్గిలాదు మీదికి యుద్ధానికి పోవచ్చునా అని ఆయన అడిగితే నాలుగు వందల మంది ప్రవక్తలు పొమ్మన్నారు. ఇంకెవరూ లేరా అని యూదా రాజు అడిగాడు. మీకాయా అని ఒకడున్నాడు గాని వాడు నన్ను గూర్చి ఏనాడూ మంచి చెప్పడు, వాడంటే నాకు గిట్టదు అన్నాడు అహాబు. చివరకు పిలిపించాడు, చెడ్డ కబురు విన్నాడు, మీకాయాను చెరలో వేయించి యుద్ధానికి పోయాడు. మారువేషం వేసుకున్నా, గురిచూడని ఒక బాణం కవచపు అతుకులో దిగింది. నాలుగు వందల ముళ్లు బాగుందని చూపించాయి. నిజంగా ఒత్తిడిని చూపే ఒక్క ముల్లు ఉంటే దానికి బోల్టు బిగించాడు. అహాబు చెడ్డ రాజు కనుక మనకు ఈ కథ వినడం సులువు. పేరు మారిస్తే ఇది మన ఇళ్లలో చాలా మంది పెద్దల కథ.

నా సంగతే చెబుతాను. మా చెల్లెలు పెళ్లయి ఖమ్మం వైపు వెళ్లింది. మొదట్లో ప్రతి ఆదివారం పూజ అయ్యాక నాకు ఫోను చేసేది. భర్త తాగి రావడం, అత్తగారి మాటలు, కొట్టిన రోజు కొట్టాడని కూడా చెప్పేది. నేను "సర్దుకుపోవాలమ్మా, ఎవరి సిలువ వారు మోయాలి" అనేవాణ్ణి. ప్రభువు సిలువను అంత చవకగా వాడినందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. రెండుసార్లు విసుక్కున్నాను కూడా. ఆ తర్వాత ఆమె చెప్పడం మానేసింది. "అంతా బాగానే ఉందన్నయ్యా" అనేది. నాకు ప్రాణం హాయిగా ఉండేది. పోనీలే, కాపురం చక్కబడింది అనుకున్నాను. ఆరేళ్లు అలాగే అనుకున్నాను. చేయి విరిగి ఆసుపత్రిలో ఉందని పొరుగువాళ్లు కబురు చేసిన రోజున పరుగెత్తుకుని వెళ్లి, అక్కడ ఉన్నవాళ్లందరితో "నాకు ఒక్క ముక్క తెలియదండీ" అన్నాను. అబద్ధం చెప్పలేదు. అదే నన్ను బాధిస్తోంది. తెలియకుండా చేసుకున్నది నేనే. ఆ ఆరేళ్లూ ఆమె బాధ ఎప్పటిలాగే నడిచింది. ఉస్తాద్ అన్నట్టు దానికి ఏ తేడా పడలేదు. నాకే తెలియలేదు.

బోల్టు బిగించే వాళ్ల వైపు కూడా ఒక న్యాయం ఉంది. దానిని దాటవేయడం సరికాదు. ఆ కబురు గొట్టం నిజంగానే ప్రమాదకరం. అది తెగితే పంపు ఒత్తిడికి ఇంజిను నూనె అంతా ఆ సన్న దారినే బయటికి చిమ్మి, కొద్ది సేపట్లో ఛాంబర్ ఖాళీ అవుతుంది. ఇంజినును కాపాడవలసిన గొట్టమే దానిని చంపుతుంది. అందుకే కొందరు మంచి మెకానిక్కులే, దొంగలు కారు, మూసేద్దామంటారు. ఇళ్లలో కూడా అంతే. ఇంటి గుట్టు నలుగురికీ చెప్పుకుని కాపురాలు కూల్చుకున్నవారు లేరా? ఒకరు నమ్మి చెప్పిన మాట గుడి మెట్ల మీద పదిమంది నోళ్లలో పడడం మనం చూడలేదా? అలా ఒకసారి దెబ్బతిన్నవాళ్లు ఇక ఎవరికీ ఏమీ చెప్పకూడదని ఒట్టు పెట్టుకుంటే వారిని తప్పుపట్టడం కష్టం.

దీనికి జవాబు నాకు తర్కంలో దొరకలేదు, ఆ గొట్టం బిగించిన తీరులో కొంత దొరికింది. పని రెండు పూటలు పట్టింది. అది పగిలింది ఎందుకని అడిగితే ఉస్తాద్ చెప్పారు. ఇంజిను రబ్బరు దిమ్మెల మీద కూర్చుని ఎప్పుడూ ఊగుతుంటుంది. మీటరు బండి ఒంటికి బిగించి కదలకుండా ఉంటుంది. ఊగేదానికీ ఊగనిదానికీ మధ్య బిగువైన రాగి గొట్టం వేస్తే, రాగి అదురుకు అదురుకు గట్టిపడి ఒకనాడు పుటుక్కుమంటుంది. తప్పు గొట్టానిది కాదు, ఎవరో ముందు బిగించినవాడు దానికి ఊపిరాడే చోటు ఇవ్వలేదు. అందుకని ఇంజిను వైపు ఒక మూరలోపు రబ్బరు హోసు వేశారు. అక్కడి నుంచి కొత్త రాగి గొట్టం. దానిని ముందు ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచారు. ఇనుమును అలా చేస్తే గట్టిపడుతుంది, రాగి మాత్రం మెత్తబడుతుంది. మెత్తబడిన గొట్టాన్ని ఒక సీసా చుట్టూ తిప్పి రెండు చుట్లు పెట్టారు, అదురు ఆ చుట్లలో ఇంకిపోవడానికి. రేకుకు రంధ్రం చేసి దాటించే చోట అంచు కోయకుండా రబ్బరు బిళ్ల పెట్టారు.

కష్టమంతా మరల దగ్గర. ఉస్తాద్ భాషలో చూడీ. ఆ ఇంగ్లీషు బండిలో ఒక చోట ఒక రకం మర, ఇంకో చోట ఇంకో రకం. ఇప్పుడు బజారులో దొరికేవి చాలావరకు మిల్లీమీటరు లెక్కవి. చూడడానికి అన్నీ ఒకేలా ఉంటాయి. సరిపడని నట్టు కూడా రెండు చుట్లు సాఫీగా ఎక్కుతుంది. మూడవ చుట్టుకు బిగుస్తుంది. ఇదే బిగువు అనుకుని పానాతో తిప్పితే మర చచ్చిపోతుంది. ఉస్తాద్ ప్రతి నట్టునూ ముందు వేళ్లతోనే చివరిదాకా తిప్పి చూశారు. వేళ్లకు రానిది పానాకు ఇవ్వకూడదు అన్నారు. నారాయణగూడ, ఆజామాబాద్ అంతా తిరిగినా ఒక నట్టు దొరక్క చివరికి లేతు మీద కోయించారు. మీటరు చివర చిన్న తోలు వాషరు కొత్తది వేసి, అది నలిగేటంత మటుకే బిగించారు. మరీ బిగిస్తే కూడా కారుతుందట. చెల్లెలి మాటలు వినే విషయంలో నాకు రానివన్నీ ఇవే. ఆమె ఊగేది, నేను బిగుసుకుని కూర్చునేవాణ్ణి. వేళ్లతో చూడవలసిన చోట పానా వేసేవాణ్ణి.

పాపసంకీర్తనం గురించి కూడా ఇక్కడ ఒక మాట తోస్తోంది. శ్రీసభ గురువుకు సంకీర్తన రహస్యాన్ని ప్రాణం పోయినా కాపాడమని కట్టడి చేసింది ఊరికే కాదు. నూనె కారని గొట్టం ఒక్కటైనా ప్రతి విశ్వాసికీ ఉండాలి. ఇక రోజంతా మీటరునే చూస్తూ రోడ్డును మరిచిపోయే వారి జబ్బు వేరు. పునీత లొయోలా ఇగ్నేషియసుగారు 1522లో మన్రేసాలో చెప్పినదే మళ్లీ చెబుతూ ఆ అతిశంకతో నలిగిపోయారు. దాని గురించి ఇంకో వారం రాస్తాను.

రెండవ రోజు సాయంత్రం పరీక్షించారు. ముందు ప్లగ్గులు విప్పి, ఇంజిను అంటుకోకుండా స్టార్టరుతో మాత్రమే తిప్పారు. మీటరు దగ్గర నట్టు కొద్దిగా వదులు చేసి కింద గుడ్డ పట్టారు. గాలి బుసకొట్టి, ఒక చుక్క నూనె కనిపించాక బిగించారు. ప్లగ్గులు పెట్టి స్టార్ట్ చేయగానే ముల్లు 60 పౌండ్లకు లేచింది. ఆ యువకుడు చప్పట్లు కొట్టినంత పని చేశాడు. ఉస్తాద్ మాట్లాడలేదు. చల్లటి నూనె చిక్కగా ఉంటుంది గనుక ముల్లు ఎవరికైనా బాగానే లేస్తుంది. బండి ఇందిరా పార్కు దాకా పోయి వేడెక్కి వచ్చాక చూస్తే, ఖాళీగా తిరుగుతున్నప్పుడు ముల్లు దాదాపు అడుగున ఉంది. పరుగు మీద కూడా పాతిక దాటలేదు. ఆ ఇంజినుకు వేడి మీద యాభై దాకా ఉండాలని ఉస్తాద్ లెక్క.

"మీటరే తప్పు చూపుతోందేమో" అన్నాడు అతను. నేనూ మనసులో అదే ఆశపడ్డాను. ఆ అనుమానాన్ని ఉస్తాద్ కొట్టిపారేయలేదు. మీటర్లు అబద్ధం చెప్పిన రోజులు ఆయన చూశారు. తన దగ్గరున్న ఇంకో మీటరు తెచ్చి కలిపారు. అంతరాత్మ కూడా పొరబడుతుంది, అందుకే దానిని ఒంటరిగా వదలకుండా దైవవాక్కుతో, శ్రీసభ బోధతో సరిచూసుకోమంటారు. రెండవ మీటరూ అదే చూపింది. ఒత్తిడిని అదుపు చేసే స్ప్రింగు నీరసించిందేమోనని అదీ మార్చారు, అది చవక పని గనుక. ముల్లు ఒక గీత కూడా లేవలేదు.

"అంటే ఇన్నాళ్లూ ఇలాగే ఉందా?" అని అడిగాడు ఆ యువకుడు.

"ఇన్నాళ్లూ గిట్లనే ఉండె. గొట్టం ఎన్నడో సగం మూసుకుపోయింది, ముల్లు ఎక్కడో ఒక దగ్గర నిలబడ్డది, నువ్వు అది చూసి ఖుషీగ ఉన్నవ్" అన్నారు ఉస్తాద్.

ఇంజిను దింపారు. బేరింగుల పైపూత అరిగిపోయి లోపలి రాగి రంగు బయటపడింది. క్రాంకు ఇంకా పూర్తిగా చెడలేదు. సామాను తెప్పించి కూర్చడానికి నెలలు పడుతుంది, డబ్బు కూడా చాలానే అవుతుంది. ఆ యువకుడు ప్రస్తుతం చిక్కడపల్లి స్టేషనులో మెట్రో ఎక్కి ఉద్యోగానికి పోతున్నాడు. మొదట్లో కొన్నాళ్లు ఆ బోల్టు బిగించుకుని ఉంటే బాగుండేదని అనుకున్నానని దాచకుండా చెప్పాడు.

మా చెల్లెలు ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటోంది. చేయి కూడుకుంది గాని బరువు ఎత్తలేదు. రాత్రి భోజనాలయ్యాక ఒక్కొక్క రోజు ఆ ఆరేళ్ల సంగతులు కొన్ని చెబుతుంది. కొన్నిటిలో నా పేరు వస్తుంది. లేచి వెళ్లిపోవాలనిపిస్తుంది. కూర్చునే ఉంటున్నాను.